ఎండ తగలని అడుగు

ఉప్పాడ నుంచి భీమిలి దాకా ఉన్న తీరంలో ఒకప్పుడు రోజూ కనిపించిన దృశ్యం ఇది. చీకటితో వేటకు వెళ్లిన తెప్ప పొద్దెక్కాక అలల మీద తేలుతూ ఒడ్డుకు వచ్చి పడేది. నలుగురూ చేయి వేసి దాన్ని ఇసుక మీదికి లాగేవారు. కట్లు విప్పి, దుంగల్ని విడదీసి ఎండలో పడేసేవారు. సాయంత్రానికల్లా నీళ్లు పీల్చుకున్న కర్ర ఎండి తేలికపడేది. కర్రను పట్టుకుని కాపురం పెడదామనుకున్న నాచు మాడిపోయేది. మర్నాడు మళ్లీ కట్లు బిగించి నీళ్లలోకి నెట్టడమే. ఆ తెప్పకు రంగు లేదు, పూత లేదు. దాన్ని శుభ్రం చేయడానికి ఏ సరుకూ కొనాల్సిన అవసరమూ లేదు. ఆ పని ఎండ చేసేది.

ఓడకు ఆ భాగ్యం లేదు. వందల టన్నుల కర్రను రోజూ ఎవరు ఒడ్డుకు లాగుతారు? కట్టి నీళ్లలోకి దింపిన రోజు నుంచి దాని అడుగు ఎండ మొహం చూడదు. ఎండ చేసే పనిని ఇంకేదో చేయాలి. తారు, గంధకం, సున్నం, సీసం, రాగి, పాదరసం, తగరం ఇలా మనిషి చేతికందిన ప్రతిదాన్నీ ఓడ అడుగుకు పూసి చూశాడు. లోపలి భాగం కడగడానికి ఇసుక, వెనిగర్, పొగ, చివరికి యాసిడ్ ఆవిరి కూడా వాడాడు. రెండువేల ఏళ్లకు పైబడిన ఈ కడుగుడు చరిత్రలో ఒక తిరకాసు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. అడుగుకు బాగా పనిచేసిన మందు దాదాపు ఎప్పుడూ విషమే. విషం కానిది దాదాపు ఏదీ నిలవలేదు.

ముందుగా శత్రువుల సంగతి. ఓడ అడుగుకు పట్టేవి రెండు రకాలు. పైపైన అంటుకునేవి ఒక రకం. నాచు, ఆల్చిప్పలు, బార్నకిల్ అనే గుల్ల జీవి ఇందులోకి వస్తాయి. బార్నకిల్ పీతలకు, రొయ్యలకు చుట్టం. చిన్నప్పుడు ఈదుతుంది. పెరిగే వయసులో నచ్చిన చోటు చూసుకుని, తలను దానికి అతికించేసుకుని, చుట్టూ సున్నపు గోడ కట్టుకుని జీవితమంతా అక్కడే ఉండిపోతుంది. చార్లెస్ డార్విన్ 1846 నుంచి 1854 వరకు ఎనిమిదేళ్లు వీటి మీదే పనిచేశాడంటే అవి ఎంత వింత జీవులో ఊహించవచ్చు. ఇవి పట్టిన ఓడ మునిగిపోదు కానీ కదలడానికి మొరాయిస్తుంది.

రెండో రకం లోపలికి తొలిచేది. టెరిడో, మామూలు మాటల్లో ఓడపురుగు. పేరుకు పురుగే గానీ, అది నిజానికి ఆల్చిప్ప జాతి. చిప్పలు రెండూ చిన్నవైపోయి తల దగ్గర ఆకురాళ్లలా మారాయి. సూదిమొనంత రంధ్రంతో కర్రలోకి దూరుతుంది. లోపల అడుగు పొడవుకు పైగా పెరుగుతుంది. బయటినుంచి చూస్తే పలక నిక్షేపంలా ఉంటుంది. వేలితో నొక్కితే లోపలికి పోతుంది. 1731లో నెదర్లాండ్స్ సముద్రపు కట్టల కర్ర గోడలు ఈ జీవి వల్లే గుల్లబారి, దేశం మొత్తం హడలిపోయింది. కొలంబస్ నాలుగో ప్రయాణానికి నాలుగు ఓడలతో బయలుదేరాడు. చివరికి మిగిలిన రెండూ తేనెపట్టులా తూట్లు పడిపోతే, 1503లో వాటిని జమైకా ఒడ్డున ఇసుకలోకి ఎక్కించేసి, ఏడాదిపాటు సాయం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. కొత్త ఖండాన్ని చూసిన మహా నావికుణ్ణి తుపాను ఆపలేదు. ఆల్చిప్ప ఆపింది.

దీనికి పాతకాలపు వైద్యం ఓడను ఒరగబెట్టడం. మంచి పోటు చూసి, నిలకడైన ఒడ్డుకు తెచ్చి, ఫిరంగులు, పీపాలు, తెరచాపలు అన్నీ దించేసి, స్తంభాలకు తాళ్లు కట్టి పక్కకు లాగుతారు. పాటు తీసేసరికి ఒక పక్క అడుగంతా బయటపడుతుంది. గీకుళ్లతో గుల్లలు గీకుతారు. ఎండుగడ్డి, తుప్పలు అంటించి ఆ మంటతో పాత పూతను, పురుగును కలిపి కాలుస్తారు. ఆ మంట కాస్త ఎక్కువైతే పూతతో పాటు ఓడ కూడా పోతుంది. తర్వాత కొత్త పూత. ఇంగ్లిష్ రేవుల్లో మూడు రకాల పూతలు వాడేవారు. తిమింగలం నూనె, రోజనం, గంధకం కలిపింది తెల్లది. తారు, కీలు కలిపింది నల్లది, చవకది. కీలులో గంధకం కలిపింది గోధుమరంగుది. గంధకం వాసనకు పురుగు పారిపోతుందని వాళ్ల నమ్మకం. కొన్నాళ్లు ఆగేదేమో గానీ పారిపోయిన దాఖలాలు లేవు. ఉష్ణమండల సముద్రాల్లో కొద్ది నెలలకే మళ్లీ ఒరగబెట్టక తప్పేది కాదు.

ఓడను కొంచెం పక్కకు వాల్చడం కూడా చెలగాటమే. 1782 ఆగస్టు 29న ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ ఎదుట స్పిట్‌హెడ్‌లో, 100 ఫిరంగుల రాయల్ జార్జ్ అనే యుద్ధనౌకను లంగరు మీదే ఒక పక్కకు వాల్చారు. నీటి మట్టానికి కింద ఉన్న ఒక గొట్టం బాగుచేయాలి. డెక్కులు కడగడానికి సముద్రపు నీళ్లు లోపలికి తీసుకునే గొట్టం అది. వాలిన పక్క ఫిరంగుల కిటికీల్లోంచి నీరు లోపలికి వచ్చింది. చూస్తుండగానే ఓడ మునిగింది. కెంపెన్‌ఫెల్ట్ అనే అడ్మిరల్‌తో సహా 800 మందికి పైగా పోయారు. వాళ్లలో భర్తల్ని, తండ్రుల్ని చూడవచ్చిన ఆడవాళ్లు, పిల్లలు కూడా ఎందరో ఉన్నారు. యుద్ధంలో కాదు, తుపానులో కాదు. కడుగుడు నీళ్ల గొట్టం కోసం.

ఒరగబెట్టడానికి ముందు ఒడ్డు కావాలి. తెలుగు తీరంలో ఆ ఒడ్డు ఎక్కడ?

మద్రాసు నుంచి హుగ్లీ దాకా తూర్పు తీరమంతా దాదాపు తెరిచిన వాకిలి. అలలు తిన్నగా ఇసుకను కొడతాయి. పెద్ద ఓడ దూరంగా లంగరు వేసుకోవాల్సిందే. సరుకును, మనుషుల్ని మసూలా పడవల్లో ఒడ్డుకు చేర్చాలి. ఆ పడవ పలకల్ని మేకులతో కొట్టరు. కొబ్బరి తాడుతో కుడతారు. అల కొడితే విరగకుండా వంగడం కోసం. అక్టోబరులో ఈశాన్య రుతుపవనం మొదలైతే బ్రిటిష్ నౌకాదళం ఈ తీరం వదిలి తిరుకోణమలకో బొంబాయికో వెళ్లిపోయేది. ఇలాంటి తీరంలో గోదావరి ముఖం ఒక్కటి మినహాయింపు. నది తెచ్చి పోసిన మేట సముద్రంలోకి మోచేయిలా సాగి, దాని వెనుక నీళ్లను నిలకడగా ఉంచింది. ఆ మోచేతి వంపులో ఉన్న రేవు కోరంగి.

పదిహేడో శతాబ్దంలో ఓడల పని మరికాస్త దక్షిణంగా నరసాపురం, మాధవాయపాలెం ప్రాంతంలో జోరుగా సాగేది. 1669లో మద్రాసు చేరిన థామస్ బౌరీ అనే ఇంగ్లిష్ వర్తకుడు బంగాళాఖాతం చుట్టూ తిరిగి రాసిపెట్టుకున్న వివరాల్లో ఈ చోటును ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. మంచి కలప, ఇనుము, నేర్పరులైన వడ్రంగులు దొరుకుతారు కాబట్టి ఇంగ్లిష్ వర్తకులు ఏటా తమ ఓడల్ని ఇక్కడే కట్టించుకుంటున్నారని రాశాడు. నది పూడుకుపోతున్న కొద్దీ పని ఉత్తరానికి, కోరంగికి మళ్లింది. పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల్లో కోరంగి ఓడలు బర్మాకు, మలయాకు వెళ్లాయి. బర్మాలో తెలుగువాళ్లందరినీ, వాళ్లు ఏ జిల్లా వాళ్లయినా సరే, ‘కోరంగీలు’ అనేశారు. ఒక రేవు పేరు ఒక జాతి పేరైపోయింది.

ఓడను ఎండబెట్టడానికి గోదావరి బురద బాగా పనికొచ్చింది. రాతి డాకు కట్టాలంటే లక్షలు కావాలి. ఒండ్రు నేలలో గొయ్యి తవ్వడానికి పారలు, గంపలు, కూలీలు చాలు. పెద్ద పోటు మీద ఓడను గోతిలోకి తేల్చుకొచ్చి, ముఖద్వారాన్ని మట్టితో కట్టేసి, నీళ్లు తోడేస్తే అడుగు బయటపడుతుంది. పని అయ్యాక కట్ట తెంపితే మళ్లీ తేలుతుంది. బ్రిటిష్ రాజు నౌకల్ని కూడా ఇక్కడ బాగుచేసేవారు. అందుకోసం 1802లో ఎబెనెజర్ రోబక్ అనే ఆయన కోరంగిలో డాకు కట్టించాడు. నదీముఖానికి ఇంకో లాభం కూడా ఉంది. ఓడపురుగు ఉప్పునీటి జీవి. వరద వచ్చి నీళ్లు తియ్యబడితే ఎక్కువ కాలం బతకలేదు. రేవులో ఊరికే నిలబడి ఉన్నా ఓడకు కొంత వైద్యం జరిగిపోతుందన్న మాట.

ఈ సముద్రం చుట్టుపక్కల పూతల వంట కూడా వేరు. చైనా ఓడలకు కీలు బదులు సున్నం, నార, చెట్టు నూనె కలిపి దంచి పూస్తారని మార్కో పోలో ఏనాడో రాశాడు. భారతీయ రేవుల్లోనూ సున్నం, నూనె కలిపి మెదిపిన ముద్దను అడుగు పలకలకు మందంగా పట్టించేవారు. తీరం నిండా గుల్లలే కాబట్టి గుల్ల సున్నానికి కొదవ లేదు. సందులకు నార, గుగ్గిలం. ఆపైన చేప నూనె. పలకల సందుల్లో నార కూరే పనివాణ్ణి ఆంగ్లో ఇండియన్ రాతల్లో ‘కాల్‌పట్టీ’ అన్నారు. అది పోర్చుగీసు మాట. దాని మూలం అరబ్బీ. పని ఎంత సముద్రాలు దాటిందో ఆ ఒక్క మాట చెబుతుంది. సున్నపు ముద్ద ఎండితే రాయిలా గట్టిపడి పురుగుకు అడ్డుగోడ అయ్యేది. అది అడ్డుకునేదే గాని చంపేది కాదు. అందుకే ఊడిపోతే మళ్లీ వేసుకోవాలి. బార్నకిల్‌కైతే సున్నం అసలు అడ్డే కాదు. దాని ఇల్లే సున్నం కదా.

1789లోను, 1839లోను వచ్చిన తుపానులు కోరంగిని తుడిచిపెట్టాయి. నది మేట మిగతా పని పూర్తిచేసింది. ఓడలు కాకినాడకు మళ్లాయి. పక్కనే తాళ్లరేవులో మాత్రం కర్ర ఓడలు కట్టే వడ్రంగం నిలిచింది.

పూత బదులు అడుగుకు లోహం తొడిగే ఆలోచన కూడా చాలా పాతది. సైప్రస్‌లోని కైరీనియా దగ్గర దొరికిన, క్రీస్తుకు మూడు నాలుగు శతాబ్దాల ముందరి గ్రీకు వాణిజ్య నౌక అడుగుకు సీసం రేకు తొడిగి ఉంది. ఇంగ్లండ్‌లో 1670ల్లో సీసం రేకులు మళ్లీ పట్టాలెక్కాయి. చుక్కాని ఇనుమును తినేస్తున్నాయన్న ఫిర్యాదులతో మూలబడ్డాయి. రాగి వంతు 1761లో వచ్చింది. 32 ఫిరంగుల అలార్మ్ అనే నౌక అడుగుకు పలుచని రాగిరేకులు కొట్టి, పురుగుకు పేరుపడ్డ వెస్టిండీస్ నీళ్లలోకి పంపారు. తిరిగొచ్చాక చూస్తే నాచు లేదు, పురుగు లేదు. అయితే రేకుల్ని పట్టి ఉంచిన ఇనుప మేకులు చాలాచోట్ల తుప్పుపట్టి గుజ్జయిపోయాయి. కొన్నిచోట్ల మాత్రం ఇనుము కొత్తదానిలా ఉంది. దగ్గరగా చూస్తే, ఆ చోట్లలో రాగికి ఇనుముకు మధ్య గోధుమరంగు కాగితం ఇరుక్కుని ఉంది. రేకులు రేవుకు వచ్చింది ఆ కాగితాల్లో చుట్టుకునే. ఎవరో బద్ధకస్తుడైన పనివాడు ఊడదీయకుండా కొట్టేశాడు. ఓడల చరిత్రలో ఇంత లాభసాటి బద్ధకం ఇంకోటి ఉండకపోవచ్చు.

ఉప్పునీళ్లలో రెండు లోహాలు తగిలితే విద్యుత్తు పుట్టి, వాటిలో బలహీనమైనది కరిగిపోతుందని చెప్పే శాస్త్రం అప్పటికి లేదు. వోల్టా తన బ్యాటరీని ప్రకటించింది 1800లో. ఇరవై ఏళ్ల పాటు నౌకాదళం నసిగింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఫ్రాన్స్, స్పెయిన్ కూడా ఎదురుతిరిగి ఓడలు చాలకపోయేసరికి, నౌకాదళ కార్యాలయంలో ఉన్న చార్లెస్ మిడిల్టన్ తెగించాడు. ఉన్న ఓడలే వేగంగా నడిస్తే, ఏడాదిలో ఎక్కువ నెలలు సముద్రంలో ఉంటే, కొత్తవి కట్టినట్టే కదా అన్నది లెక్క. 1779 నుంచి మూడేళ్లలో నౌకాదళంలో అధిక భాగానికి రాగి తొడిగేశారు. 1780 జనవరి 16 రాత్రి వెన్నెల్లో ఇంగ్లిష్ అడ్మిరల్ రాడ్నీ నౌకలు స్పానిష్ నౌకల్ని వెంటాడి పట్టుకున్నాయంటే, ఆ ఘనత రాగి అడుగులదేనని అప్పుడే చెప్పుకున్నారు. విక్టరీ అనే నౌకకు అదే ఏడాది సుమారు 3,900 రేకులు పట్టాయి. మేకుల గొడవ 1780ల మధ్యలో గట్టిపరిచిన రాగి బోల్టులు వచ్చాక గాని తీరలేదు. వేల్స్‌లోని ఆంగ్లెసీ ద్వీపంలో రాగి గనులున్న థామస్ విలియమ్స్ ఆ బోల్టుల్ని ఇంగ్లండ్‌కు, దాని శత్రువులైన ఫ్రాన్స్, హాలండ్‌లకు కూడా అమ్మాడు.

రాగిని మొదట అందిపుచ్చుకున్న ప్రైవేటు యజమానుల్లో బానిసల వ్యాపారులు ముందున్నారు. ఆఫ్రికా తీరంలో నెలలు నిలబడి, వేడి నీళ్ల మీదుగా అట్లాంటిక్ దాటాల్సిన ఓడలవి. అడుగు శుభ్రంగా ఉంటే ప్రయాణం త్వరగా ముగుస్తుంది, దారిలో చనిపోయే ‘సరుకు’ తగ్గుతుంది. ఓడ పరిశుభ్రత చరిత్రలో ఈ పుట కూడా ఉంది.

రాగి ఖరీదైనది, పైగా ఏటికేడు అరిగిపోతుంది. ఆ అరుగుదల ఆపమని బ్రిటిష్ నౌకాదళం తన కాలపు మహా రసాయనవేత్త హంఫ్రీ డేవీని అడిగింది. వోల్టా తర్వాతి తరం మనిషి కాబట్టి ఆయనకు జబ్బు వెంటనే తెలిసింది. రాగికి చిన్న జింకు ముక్కో ఇనుప ముక్కో తగిలిస్తే ఆ ముక్క కరుగుతుంది, రాగి మిగులుతుంది. 1824లో గిన్నెల్లో చేసిన ప్రయోగాలు అద్భుతంగా వచ్చాయి. సమరాంగ్ వంటి నౌకలకు ముక్కలు బిగించి పంపారు. రాగి నిజంగానే కరగలేదు. కొత్త రేకులా మెరిసింది. దాని మీద బార్నకిల్స్ మాత్రం గుంపులుగా కాపురం పెట్టాయి. కొద్ది కాలానికే ముక్కలు పీకేయమని ఆదేశం వచ్చింది.

డేవీ పద్ధతి తప్పు కాదు. రాగి గురించి అందరికీ ఉన్న అభిప్రాయం తప్పు. రాగి గట్టిది కాబట్టి, నున్ననిది కాబట్టి పురుగు ఆగుతోందనుకున్నారు. అసలు సంగతి, రాగి కొద్దికొద్దిగా నీళ్లలో కరిగి, అంటుకోవడానికి వచ్చిన పిల్ల జీవిని విషమై చంపుతోంది. అరుగుదల రాగికున్న లోపం కాదు, అది చేస్తున్న పనే అది. కరగని రాగి ఉత్త రేకు. ఓడ యజమానికి నష్టంగా కనిపించిన ప్రతి గ్రాము రాగీ సముద్రంలోకి వెళ్లి తన పని చేసింది. ఆ సముద్రానికి ఏమవుతుందన్న ప్రశ్న ఇంకో నూట యాభై ఏళ్ల దాకా ఎవరికీ తట్టలేదు. 1832లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ముంట్జ్ మూడు పాళ్లు రాగి, రెండు పాళ్లు జింకు కలిపిన మిశ్రమాన్ని తెచ్చాడు. చవక, నిదానంగా కరుగుతుంది. లండన్ గ్రీనిచ్‌లో నేడు చూడగలిగే కట్టీ సార్క్ అనే 1869 నాటి తేయాకు ఓడ అడుగుకు ఆ రకం లోహమే.

ఇక ఓడ లోపలి మాట. అడుగు విషయంలో శత్రువు కంటికి కనిపించాడు. లోపల కనిపించలేదు. అందుకే అక్కడ ముక్కును నమ్ముకున్నారు. కంపు కొడితే రోగం, కంపు పోతే ఆరోగ్యం అన్నది పద్దెనిమిదో శతాబ్దపు వైద్యం. నాలుగైదు వందల మంది కిక్కిరిసి పడుకునే చోట కంపుకు కొరత ఉండదు. దానికి మందులు కూడా ఘాటైనవే. వెనిగర్‌తో పలకలు తుడవడం, తడిపిన తుపాకిమందును వెలిగించి పొగ పెట్టడం, గంధకం కాల్చడం, ఇనుప కుంపట్లలో నిప్పు పోసి కింది అంతస్తుల్లో తిప్పడం, గోడలకు సున్నం కొట్టడం. 1795లో కార్మైకేల్ స్మిత్ అనే వైద్యుడు యూనియన్ అనే ఆస్పత్రి ఓడలో నైట్రిక్ యాసిడ్ ఆవిరి పట్టించి జ్వరాలు తగ్గాయన్నాడు. 1802లో పార్లమెంటు ఆయనకు 5,000 పౌండ్ల బహుమానం ఇచ్చింది. ఆ జ్వరం టైఫస్. దాన్ని మోసేది బట్టల్లోని పేను. కావాల్సింది యాసిడ్ కాదు, సబ్బు.

సబ్బుకు ఓడలో ఒక చిక్కుంది. మంచినీళ్లు తాగడానికే చాలవు. ఉప్పునీళ్లలో మామూలు సబ్బు నురగ రాదు సరికదా, జిడ్డు ముద్దలై బట్టకే అంటుకుంటుంది. కొవ్వుతో కాకుండా కొబ్బరినూనెతో చేసిన సబ్బు మాత్రం ఉప్పునీళ్లలో కూడా కరిగి నురగ ఇస్తుంది. కొబ్బరినూనె దండిగా ఐరోపాకు చేరిన పందొమ్మిదో శతాబ్దంలో గాని ఓడవాళ్లకు ఆ సబ్బు దొరకలేదు.

డెక్కు సంగతి ఇంకా విచిత్రం. తెల్లవారుజామున కళాసీలను లేపి, ప్యాంట్లు మోకాళ్ల పైకి మడిపించి, డెక్కు మీద సముద్రపు నీళ్లు పోసి, ఇసుక చల్లి, మెత్తని ఇసుకరాయితో రుద్దించేవారు. మోకరిల్లి చేసే పని కాబట్టి ఆ రాయికి నావికులు ‘పవిత్ర శిల’ అని పేరు పెట్టారు. పెద్దరాయి బైబిల్, మూలల్లో రుద్దే చిన్నరాయి ప్రార్థన పుస్తకం. పని ఎగ్గొట్టే దారి లేనప్పుడు మనిషి వెక్కిరింతనైనా మిగుల్చుకుంటాడు. ఈ రుద్దుడుకు రెండు ప్రయోజనాలు. ఉప్పునీళ్లు కర్రకు కుళ్లు రాకుండా కాపాడతాయి. సందులు ఉబ్బి నీళ్లు కిందికి కారకుండా చూస్తాయి. మంచినీళ్లు మాత్రం డెక్కుకు పడవు. మూడో ప్రయోజనం అధికారులు పైకి అనేవారు కాదు గాని, అందరికీ తెలుసు. ఖాళీగా ఉన్న మూడు వందల మంది చేతులకు పని. కింది అంతస్తుల్లో కూడా ఇలాగే నీళ్లు పోసి ఆరకముందే మనుషుల్ని పడుకోబెడితే జబ్బులొస్తున్నాయని గిల్బర్ట్ బ్లేన్ వంటి నౌకా వైద్యులు వాదించాక, అక్కడ పొడి ఇసుకతో రుద్దడం మొదలైంది.

బయట, లోపల రెండు శుభ్రతలూ ఎదురెదురుగా నిలబడిన సందర్భం జేమ్స్ కుక్ తొలి యాత్ర. ఆయన ఓడ ఎండెవర్‌కు రాగి లేదు. అడుగుకు అదనపు చెక్క పొర కొట్టి వెడల్పు తలల మేకులతో నింపారంతే. లోపల మాత్రం కుక్ పట్టుబట్టి శుభ్రం చేయించాడు. వెనిగర్, పొగ, నిప్పు, పరుపుల్ని ఎండబెట్టడం, ఏదీ వదల్లేదు. రెండేళ్లకు పైగా సాగిన ప్రయాణంలో స్కర్వీ జబ్బుతో ఒక్క మనిషీ పోలేదు. 1770 జూన్‌లో ఆస్ట్రేలియా పగడపు దిబ్బ మీద ఓడ చీలింది. దగ్గరి నదిలో ఒరగబెట్టి అతుకు వేసి, పూర్తి మరమ్మతు కోసం అక్టోబరులో బటావియా, అంటే నేటి జకార్తా చేరారు. అక్కడ అడుగు తిరగేసి చూస్తే, పురుగు తిని, రాళ్లు గీకి, కొన్నిచోట్ల పలక అంగుళంలో ఎనిమిదో వంతు మిగిలింది. డచ్చి పనివాళ్లు చక్కగా బాగుచేశారు. ఓడ అలా బాగుపడుతుండగా మనుషులు మలేరియాతో, విరేచనాలతో పడిపోయారు. అక్కడ ఏడుగురు, బయలుదేరాక దారిలో ఇంకా ఇరవై మందికి పైగా చనిపోయారు. వెనిగర్ ఎంత తుడిచినా కాలువల్లో పుట్టే దోమకు అది పట్టదు.

ఇనుప ఓడలు వచ్చాక పురుగు బెడద తీరింది. బార్నకిల్ బెడద పెరిగింది. ఇనుముకు రాగి తొడిగితే అలార్మ్ మేకుల కథే మొత్తం ఓడకు జరుగుతుంది. అందుకని విషాన్ని రంగులో కలిపారు. రాగి, ఆర్సెనిక్, పాదరసం సమ్మేళనాలు. హోల్‌జాప్ఫెల్ సోదరులు 1881లో న్యూకాసిల్‌లో పెట్టిన రంగుల కంపెనీ ‘ఇంటర్నేషనల్’ పేరుతో ఇప్పటికీ రేవుల్లో వినిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికన్ నౌకాదళం తన రంగును లక్కతో చేసుకుంది. లక్క కరిగే కొద్దీ అందులోని పాదరసం బయటపడేది. మన అడవుల చెట్ల మీది పురుగు పెట్టిన లక్కను, సముద్రపు జీవిని తరమడానికి వాడారన్న మాట.

1948 మార్చిలో జవహర్‌లాల్ నెహ్రూ విశాఖపట్నంలో ‘జల ఉష’ అనే ఓడను నీళ్లలోకి దింపాక, ఈ గొడవ తెలుగు తీరానికి కొత్త రూపంలో వచ్చింది. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చెప్పిన పి.ఎన్. గణపతి, ఆయన దగ్గర పనిచేసినవాళ్లు విశాఖ రేవులో ఏ నెలలో ఏ జీవి పలకలకు పడుతుంది, ఏది కర్రను తొలుస్తుంది అన్నది ఓపికగా లెక్కించి ప్రకటించారు. వానాకాలపు తీపి నీరు, వేసవి ఉప్పునీరు ఏ జీవికి కలిసొస్తాయో కోరంగి వడ్రంగులు అనుభవంతో ఎరిగి ఉంటారు. ఇప్పుడది కాగితం మీదికి వచ్చింది.

అదే దశాబ్దం చివర్లో ఓడల ప్రపంచానికి అమృతం లాంటి సరుకు దొరికింది. తగరంతో చేసిన ట్రైబ్యూటిల్ టిన్, పొట్టిగా టీబీటీ. రంగు తనంతట తానే పొరలు పొరలుగా అరుగుతూ, ఎప్పుడూ కొత్త విషాన్ని బయటపెట్టే రకం 1970ల్లో వచ్చింది. ఐదేళ్లు ఓడను డాకుకు ఎక్కించనవసరం లేదు. ఇంధనం ఆదా. ఎవరికి చేదు? ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ అఖాతంలో ఆయిస్టర్లు పెంచేవాళ్లకు. 1970ల చివర్లో వాళ్ల పెంపకం చోట్లలో ఆయిస్టర్ పిల్లలు నిలవడం మానేశాయి. ఉన్నవాటి చిప్పలు మందంగా వంకర్లు తిరిగి, లోపల తినడానికి మాంసం మిగల్లేదు. పక్కనే వందల విహార పడవలు టీబీటీ రంగు వేసుకుని ఊగుతున్నాయి. 1982లో ఫ్రాన్స్ 25 మీటర్ల లోపు పడవలకు దాన్ని నిషేధించింది. ఇంగ్లండ్ ఒడ్డున నత్తల్లో ఆడవాటికి మగ అవయవాలు మొలుస్తున్నాయని తేలింది. లీటరు నీటిలో గ్రాములో వంద కోట్లో వంతు చాలు, నత్తల్లో ఆ మార్పు రావడానికి. 1987లో ఇంగ్లండ్ కూడా చిన్న పడవలకు దాన్ని నిషేధించింది. అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి, 2008 సెప్టెంబరు 17న అమలులోకి వచ్చింది. దాని బదులు వాడిన సైబుట్రిన్‌ను కూడా 2023లో ఆపేశారు. ఇన్ని తిరుగుళ్లు తిరిగి ఓడలు మళ్లీ చేరింది రాగి దగ్గరికే. నేటి అడుగు రంగుల్లో ఎక్కువ వాటికి దిక్కు రాగి ఆక్సైడే.

ఉప్పాడ తెప్పల జాగాలోకి 1980ల తర్వాత ఫైబర్ పడవలు వచ్చాయి. పురుగు తినదు, కట్లు విప్పే పని లేదు. అయినా రోజూ ఒడ్డుకు లాగుతూనే ఉంటారు, ఎండ కాస్తూనే ఉంటుంది. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లోని పెద్ద మరబోట్లకు ఆ వీలు లేదు. వాటి తీరిక ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధ కాలమే. ఆ రెండు నెలలూ రేవంతా గీకుళ్ల చప్పుడు, రంగుల వాసన. పైకెక్కించి, గుల్లలు గీకి, సందులు నింపి, ఎర్రగా అడుగు రంగు కొట్టి దింపుతారు.

రాగి తొడుక్కున్న విక్టరీ, ట్రఫాల్గర్ యుద్ధంలో ఇంగ్లిష్ అడ్మిరల్ నెల్సన్ ప్రాణం వదిలిన ఆ ఓడ, 1922లో పోర్ట్స్‌మత్ పొడి డాకులోకి శాశ్వతంగా చేరింది. వందేళ్లకు పైగా దాని అడుగుకు ఎండ తగులుతోంది. ఓడపురుగు లేదు, బార్నకిల్ లేదు. వచ్చింది వాన. ఉప్పునీళ్లకు అలవాటుపడ్డ కర్రలోకి ఇంగ్లండ్ వాన దిగి బూజు పట్టించింది. తడి కర్రంటే ప్రాణం పెట్టే డెత్‌వాచ్ అనే పెంకుపురుగు దూలాల్ని తొలవడం మొదలుపెట్టింది. 1950ల్లో ఓడను గుడ్డలతో మూసి లోపల మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించారు. కుక్ తుపాకిమందు పొగ పెట్టిన పద్ధతే అది, ఈసారి గురి తప్పని విషంతో. ఆ వాయువు ఓజోన్ పొరను తింటోందని తేలి, మాంట్రియల్ ఒప్పందం కింద దానికీ కట్టడి వచ్చింది. 2022లో మొదలైన భారీ మరమ్మతుల్లో ఓడ చుట్టూ పరంజా లేచింది. వాన పడకుండా పైన కప్పు వేశారు. వడ్రంగులు ఇప్పుడు కుళ్లిన పలకల్ని ఒక్కొక్కటిగా ఊడదీసి, కొత్త ఓక్ పలకలు బిగిస్తున్నారు.